మోక, మోకా, కాపుచినో: ఒక గ్లాసెడు కాఫీ చరిత్ర

తెలుగువారి ఇంట తెల్లవారిందనడానికి కోడికూత కంటె కాఫీ వాసనే గట్టి సాక్ష్యం. ఉద్యోగరీత్యా మనం హుబ్బళ్ళికి వచ్చినా, పూనాకు పోయినా, ఇంకెంత దూరం వెళ్ళినా, సామానులో మొదట సర్దుకొనే వస్తువులలో కాఫీ ఫిల్టరొకటి. అటువంటి కాఫీని గురించి ఉగాది సంచికలో చరిత్ర వ్యాసమేమిటని కొందరికి తోచవచ్చు. చరిత్ర అంటే రాజులూ, యుద్ధాలూ, శాసనాలూ అనే అభిప్రాయం మనలో పాతుకొని ఉన్నది. కాని ఒక గ్లాసెడు కాఫీ మన చేతికి అందేలోగా ఎన్ని సముద్రాలు దాటిందో, ఎన్ని గడపల దగ్గర నిలిచిపోయిందో విచారిస్తే, అదీ చరిత్రేనని ఒప్పుకోక తప్పదు.

ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు రెండు కారణాలున్నవి. మొదటిది, మా సొంత ఊరు మోక. బళ్ళారికి ఉత్తరంగా, హగరి ఏటి దగ్గర, ఆంధ్ర సరిహద్దుకు చేరువలో ఉన్న ఊరు. కాఫీ చరిత్ర తెలిసినవారెవరైనా ఆ పేరు వినగానే ఒకసారి తల ఎత్తి చూస్తారు. ఎందుకో ముందు చెబుతాను. రెండవది, మన పిల్లలు. వారు కాపుచినో అనే నురగ కాఫీ కోసం పెద్ద పెద్ద కాఫీ షాపులకు పోయి రెండువందల రూపాయలు ఇచ్చి వస్తున్నారు. ఇంట్లో అమ్మ ఇచ్చేది మామూలు కాఫీ అనీ, అక్కడ దొరికేది గొప్ప కాఫీ అనీ వారి నమ్మకం. పెద్దలేమో అదంతా పరాయి దేశపు వేషమని ముఖం చిట్లిస్తారు. ఈ రెండు కాఫీలకూ ఉన్న చుట్టరికం ఇరువురికీ తెలియజెప్పి, దానిని ఇంట్లోనే చేసుకొనే తీరు కూడా వివరించాలని నా ఉద్దేశం. నేను రైల్వేలో గుమాస్తాను, మెట్రిక్యులేషనుతో చదువు ముగించినవాణ్ణి. పాండిత్యం కోసం ఈ వ్యాసం చదివేవారికి ఆశాభంగం కలగవచ్చు. కాఫీ కోసం చదివేవారికి మాత్రం కలగదని హామీ ఇవ్వగలను.

రెండు ఊళ్ళు, ఒక పేరు

అరేబియాకు నైరుతి మూలన, ఎర్ర సముద్రపు ఒడ్డున, యెమెన్ దేశంలో మోకా అనే రేవున్నది. అరబ్బులు దానిని అల్ ముఖా అంటారు. 17వ శతాబ్దంలో ప్రపంచంలో ఎవరు కాఫీ తాగినా ఆ గింజ దాదాపుగా యెమెన్ కొండలలో పండి, ఆ సీమ రేవులగుండా వచ్చినదే. వాటిలో పేరు మోసినది మోకా. డచ్చివారూ, ఇంగ్లీషువారూ, గుజరాతు వర్తకులూ అక్కడ కొఠీలు పెట్టుకొని కూర్చునేవారు. అందుచేత మోకా అన్నమాటే కాఫీకి మారుపేరైపోయింది.

ఆ సముద్రం మన తెలుగువారికి తెలియనిది కాదు. గోలకొండ కుతుబ్ షాహీల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి ఎర్ర సముద్రపు రేవులకు ఓడలు వెళ్ళేవి. మక్కా యాత్రికులూ, మన నేతగాళ్ళ బట్టలూ ఆ ఓడలలో పోయేవారు, పోయేవి. మన కలంకారీ గుడ్డ ఎరిగిన దారినే కాఫీ గింజ కూడా ఎరిగి ఉన్నదన్నమాట.

పేర్లు కలిసినంతమాత్రాన చుట్టరికం కలవదు. మా మోకలో కాఫీ చెట్టు మొలవదు. అది నల్లరేగడి నేల. జొన్న, పత్తి, మిరప, కాలువ నీరందినచోట వరి పండే సీమ. ఏడాది పొడుగునా కురిసిన వాన అంతా కలిపినా కాఫీ తోటకు మూడో వంతైనా చాలదు. కాఫీ చెట్టుకు కొండ ఎత్తు కావాలి, పైన పెద్దచెట్ల నీడ కావాలి, గాలిలో చల్లదనం కావాలి. మా ఊళ్ళో ఈ మూడూ లేవు.

అయినా ఈ రెండు ఊళ్ళకూ ఒక పోలిక ఉన్నది. 1839లో ఇంగ్లీషువారు ఏడెన్ రేవును పట్టుకొన్న తరువాత ఓడలన్నీ అటు మళ్ళినవి. మోకా రేవు క్రమంగా పాడుపడింది. రేవు పోయినా కాఫీకి ఆ పేరు మాత్రం నిలిచింది. మా మోక సంగతి వేరు. 1800లో నిజాం దత్తత చేసిన సీమలో భాగంగా బళ్ళారి ప్రాంతం ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చింది. సర్ థామస్ మన్రో మొదటి ప్రధాన కలెక్టరు. నూటయాభై యేళ్ళు మదరాసు రాజధానిలో ఉన్న ఆ జిల్లాను 1953 అక్టోబరు 1న రెండుగా పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రానికి వచ్చినవి. బళ్ళారితో సహా తక్కినవి మైసూరుకు పోయినవి. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం బళ్ళారి, హోస్పేట, సిరుగుప్ప తాలూకాలు ఆంధ్రలో చేరాలని సిఫారసు చేసినా అది అమలు కాలేదు. మా మోక తెలుగువారు గడప దాటకుండానే ప్రవాసులైనారు. ఇందులో ఎవరినీ నిందించవలసిన పని లేదు. మా సీమలో ఇంట తెలుగు, బజారున కన్నడం మాట్లాడటం ఇంతకు పూర్వమూ ఉన్నదే, ఇప్పుడూ ఉన్నదే. హద్దు రాయి మారింది గాని, తెల్లవారుజామున ఆ రాయికి అటు ఆలూరులోనూ, ఇటు మోకలోనూ పొయ్యి మీదికెక్కే గిన్నె మారలేదు.

ఏడు గింజలు

కాఫీ చెట్టు పుట్టిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా అడవులు. దానిని పానీయంగా కాచి తాగడం మాత్రం 15వ శతాబ్దంలో యెమెన్ లోని సూఫీ ఫకీరులు అలవాటు చేశారు. రాత్రంతా మేలుకొని భగవన్నామ స్మరణ చేయడానికి వారికి కాఫీ తోడ్పడింది. పుట్టిన కొద్ది కాలానికే దానిమీద తగవూ పుట్టింది. 1511లో మక్కా నగరాధికారి ఖైర్ బేగ్ కాఫీని నిషేధించి, గింజలను వీధిలో కాల్పించాడు. కాఫీ తాగేచోట జనం గుమిగూడి నానా సంగతులూ మాట్లాడుకుంటారని అతని భయం. పైనున్న కైరో సుల్తాను ఆ నిషేధాన్ని నిలవనీయలేదు. కాఫీ చరిత్రలో మొదటి నుంచీ ఉన్న ప్రశ్న ఇదే: ఎవరు ఎవరితో కూర్చుని తాగవచ్చును? ఈ ప్రశ్నను పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. మనదేశంలోనూ అది మరొక రూపంలో ఎదురవుతుంది.

మొలిచే గింజను యెమెన్ దాటనిచ్చేవారు కారు. మక్కా యాత్రకు వెళ్ళిన బాబా బుడన్ అనే ఫకీరు 1670 ప్రాంతంలో ఏడు గింజలను నడుముకు కట్టుకొని దొంగతనంగా తెచ్చి, చిక్కమగళూరు దగ్గర చంద్రగిరి కొండల మీద నాటినాడని పరంపరగా చెప్పుకొంటారు. ఆ కొండలకు నేడు బాబా బుడన్ గిరి అనే పేరు. అక్కడి గుహను ముసల్మానులు ఆయన పేరుతోనూ, హిందువులు దత్తాత్రేయ స్వామి పేరుతోనూ కొలుస్తారు. తరువాత డచ్చివారు 1696లోనూ, 1699లోనూ మలబారు తీరం నుంచే మొక్కలు జావా ద్వీపానికి తీసుకొనిపోయారు. అక్కడ పండిన కాఫీ ఐరోపా యావత్తూ పాకింది.

19వ శతాబ్దంలో ఇంగ్లీషు దొరలు మైసూరు, కొడగు, నీలగిరి కొండలలో పెద్ద తోటలు వేశారు. 1869లో సింహళంలో ఆకుతుప్పు తెగులు తగిలి కాఫీ తోటలు నాశనమైనవి. అక్కడివారు తేయాకుకు మారినారు. మన కొండలలోనూ ఆ తెగులు దెబ్బతీసింది గాని, కాఫీ బతికి బట్టకట్టింది. తెలుగు గడ్డమీద 1898లో గోదావరి ఏజన్సీలో పాములేరు లోయలో కాఫీ వేశారు. దాని సంతతే అరకు కొండలకెక్కింది. గిరిజన రైతులు పండించే అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. కాఫీ మనకు పరాయిదనేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

రైల్వేవాణ్ణి గనుక ఒక మాట చేరుస్తాను. కాఫీకి రాజధాని అనదగిన చిక్కమగళూరు పట్టణానికి 2013 దాకా రైలు లేదు. కడూరే దానికి దగ్గరి స్టేషను. ఘాట్లలో పండిన సరుకు బండ్ల మీదా, లారీల మీదా దిగి వచ్చి రైలెక్కి మైదానాలకు చేరేది. రైలు పోయిన ఊరికల్లా కాఫీ పోయింది. స్టేషను వేడి కాఫీ ముందు, ఊళ్ళో కాఫీ హోటలు తరువాత, ఇంట్లో ఫిల్టరు ఆ తరువాత. మన సీమలో చాలా ఊళ్ళలో వరుస ఇదే.

చద్ది నుంచి కాఫీకి

మన పూర్వులకు పొద్దున్నే కాఫీ లేదు. రాగి సంకటి, జొన్న అంబలి, చద్దన్నంలో మజ్జిగ, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. బళ్ళారి సీమలో పొలానికి పోయేవాడు కడుపునిండా అదే తిని పోయేవాడు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం ఆరంభంలో మదరాసు రాజధానిలో కచేరీ ఉద్యోగస్థుల ఇళ్ళకు కాఫీ వచ్చింది. ఇంటి పెద్దలు దానిని సీమ వ్యసనమన్నారు. గాంధీగారు టీ, కాఫీ, కోకోలు శరీరానికి అవసరం లేదని ఆరోగ్యం గురించిన తమ పుస్తకంలో రాశారు. ఇందరు కాదన్నా కాఫీ ఆగలేదు. ఇంటికి వచ్చిన వారికి మంచినీళ్ళిచ్చే మర్యాద పోయి కాఫీ ఇచ్చే మర్యాద వచ్చింది.

1930ల ఆర్థిక మాంద్యంలో కాఫీ ధర పడిపోయి తోటలవారు దిగాలుపడ్డారు. 1935లో కాఫీ సుంకపు చట్టం వచ్చింది. 1936లో బొంబాయి చర్చిగేటులో మొదటి ఇండియా కాఫీ హౌసు తెరిచారు. యుద్ధకాలంలో 1942 చట్టం కింద కాఫీ బోర్డు ఏర్పడి, రైతు పండించిన గింజనంతా తానే కొని అమ్మేది. ఆ పద్ధతి 1996లో పూర్తిగా ముగిసింది. 1950లలో బోర్డు తన కాఫీ హౌసులను మూసివేస్తుంటే పని పోయిన నౌకరులు ఏ.కె. గోపాలన్ గారి ప్రోత్సాహంతో 1957లో సహకార సంఘాలు పెట్టుకొని వాటిని తామే నడుపుకొన్నారు. కాఫీ కలిపిన చేతులే హోటలుకు యజమానులైన ఉదంతమిది.

గ్లాసు దగ్గర నిలిచిన తగవు

ఇక మక్కాలో పుట్టిన ఆ పాత ప్రశ్న. మనదేశంలో కాఫీ హోటలు వచ్చేదాకా ఊళ్ళో అందరూ ఒకచోట కూర్చుని తినే తావు లేదు. హోటలు ఆ తావును కల్పించింది. కల్పించిన వెంటనే దానికి గోడలూ కట్టింది. బెంగుళూరులో 1924లో మొదలై నేడు మావళ్ళి టిఫిన్ రూమ్స్ అని ప్రసిద్ధికెక్కిన హోటలు మొదటి పేరు బ్రాహ్మిన్ కాఫీ క్లబ్. ఆనాటి బోర్డులలో అది వింత కాదు. దక్షిణదేశమంతటా అటువంటి పేర్లే. రైల్వే భోజనశాలలలో కూడా బ్రాహ్మణులకు వేరు, తక్కినవారికి వేరు స్థలాలుండేవి. పెద్ద ఆందోళనలు జరిగిన మీదట 1940ల మొదట్లో గాని ఆ తేడా పోలేదు.

పల్లెలలో ఇంకొక పద్ధతి. దానిని రెండు గ్లాసుల పద్ధతి అంటారు. లోపల బల్ల దగ్గర కూర్చునేవారికి ఒక గ్లాసు. దళితులకు వేరే గ్లాసు, బయట గోడ గూటిలో. తాగినవారే దానిని కడిగి మళ్ళీ గూటిలో పెట్టాలి. 1950లో రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. హోటళ్ళలో ఎవరినీ ఆపరాదని 15వ అధికరణం చెప్పింది. 1955లో శిక్షలతో కూడిన చట్టమూ వచ్చింది. చట్టం వచ్చిన తరువాత కూడా ఆ గూళ్ళు చాలా పల్లెలలో చాలాకాలం నిలిచినవి.

మా ఇంటికి ఫిల్టరు వచ్చిన కథ దీనితో ముడిపడి ఉన్నది. మా తాత పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. 1960లలో ఆయనతోపాటు బేళ్ళు మోసే మిత్రుడొకడుండేవాడు. ఇద్దరూ ఒకే బేలుకు చెరొక కొసా పట్టేవారు. పని ముగిసి కాఫీకి పోతే మా తాత లోపలికి, అతడు గోడ దగ్గరికి. కాఫీ ఒకే కాగులోది. కొంతకాలం మా తాత కూడా గ్లాసు చేతపట్టుకొని బయటికి వచ్చి అతని పక్కన నిలబడి తాగేవాడట. హోటలు ఆయన దానికీ అభ్యంతరం చెప్పాడు. అప్పుడు మా తాత బళ్ళారి పోయి ఒక ఇత్తడి ఫిల్టరూ, అర్ధశేరు పొడీ కొనుక్కొని వచ్చి, మా అవ్వతో, ఇకమీదట మన కాఫీ మన ఇంట్లోనే, ఇద్దరికీ పెట్టు అన్నాడు.

మా అవ్వ పెట్టింది. కాని మొదట్లో ఆ రెండవ గ్లాసును చింతపండుతో ఒకసారి, బూడిదతో ఒకసారి తోమి, వేరే గూటిలో బోర్లించేది. ఈ సంగతి ఆమే మాకు చెప్పింది, దాచలేదు. ఎన్నాళ్ళు అలా చేశావవ్వా అని అడిగితే, పండుగకు చుట్టాలు వచ్చిన నాడు గ్లాసులన్నీ ఒకే గంపలో వేసి కడిగాను, అటుపిమ్మట ఏది ఎవరిదో నాకే తెలియలేదు అనేది. చట్టం చేయలేని పని గ్లాసుల గంప చేసింది.

కావి రంగు కాఫీ

ఇంతకీ కాపుచినో ఎక్కడిది? ఇటలీ దేశానిది. అక్కడి కపుచిన్ అనే క్రైస్తవ సన్యాసులు ముదురు గోధుమ రంగు అంగీ తొడుక్కొంటారు. పాలు కలిసిన కాఫీ ఆ రంగుకు వస్తుంది గనుక వియన్నా నగరంలో మొదట ఆ పేరు పెట్టారు. ఇటలీవారు దానిని తమదిగా చేసుకొన్నారు. మనమే పేరు పెట్టి ఉంటే కావి కాఫీ అని ఉండేవాళ్ళం.

నేటి కాపుచినోకు ఆధారం ఎస్ప్రెస్సో యంత్రం. 1884లో తూరిన్ నగరంలో ఆంజెలో మొరియోందో ఆవిరితో కాఫీ దించే యంత్రానికి హక్కు పొందాడు. 1901లో మిలాను నివాసి లుయిజీ బెజ్జేరా దానిని మెరుగుపరిచాడు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత అకిల్లె గాజ్జియా మీట నొక్కి వేడినీటిని గట్టి ఒత్తిడితో పొడిగుండా పంపే యంత్రం తెచ్చాడు. అప్పుడే కాఫీ మీద తేనెరంగు మీగడ తేలడం మొదలైంది. ఇవన్నీ హోటళ్ళ యంత్రాలు. ఇంట్లో వాడుకొనే పాత్రను 1933లో ఆల్ఫోన్సో బియాలెత్తి అల్యూమినియంతో చేయించాడు. కింద నీళ్ళు, నడుమ పొడి, పైన ఖాళీ గిన్నె. పొయ్యి మీద పెడితే ఆవిరి ఒత్తిడికి నీళ్ళు పొడిగుండా పైకెక్కుతవి. ఆ పాత్రకు ఆయన పెట్టిన పేరు మోకా. యెమెన్ రేవు పాడుపడి వందేళ్ళయినా, దాని పేరు ఇటలీ వంటింటిలో పొయ్యి మీదికెక్కింది. కాఫీ షాపులలో చాక్లెట్టు కలిపిన కాఫీని మోకా అనడం కూడా ఆ రేవు చలవే.

మన దేశంలో పెళ్ళి విందులలో, ఎగ్జిబిషన్లలో బుస్సుమంటూ పాలలో ఆవిరి ఊదే మిషను చూడనివారుండరు. నురగ కాఫీ మీద చాక్లెట్టు పొడి చల్లి ఎస్ప్రెస్సో అని ఇచ్చేవారు. నిజానికి అది కాపుచినోకు దగ్గరి చుట్టం. 1996లో బెంగుళూరు బ్రిగేడ్ రోడ్డులో కెఫే కాఫీ డే మొదటి షాపు తెరిచిన తరువాత కాపుచినో అనే పేరు మన పిల్లల నోట నిలిచింది. ఆ షాపులకు గింజ వచ్చింది బాబా బుడన్ కొండల సీమ నుంచే.

విప్పి చూస్తే రెండింటా ఉన్నవి మూడే: చిక్కటి డికాక్షను, వేడి పాలు, నురగ. ఇటలీ యంత్రం ఒత్తిడితో డికాక్షను తీస్తుంది. మోకా పాత్ర ఆవిరితో తీస్తుంది. మన ఫిల్టరు తొందరపడకుండా చుక్క చుక్కగా దిగనిస్తుంది. తేడా అంతా నురగలో ఉన్నది. మనం డబరాలోంచి గ్లాసులోకి ఎత్తి తిరగబోస్తే పెద్ద పెద్ద బుడగలు వచ్చి వెంటనే చిట్లిపోతవి. కాపుచినోలో బుడగలు కంటికి కనిపించనంత సన్నం, అందుకని అవి నిలుస్తవి. పాలలోని మాంసకృత్తులు ఆ బుడగల చుట్టూ పొరగా అల్లుకొని పట్టి ఉంచుతవి. బుడగ ఎంత చిన్నదైతే నురగ అంత మెత్తన.

ఇంట్లో చేసుకొనే తీరు

రెండు కప్పులకు 20 గ్రాముల పొడి, అనగా మూడు పెద్ద చెంచాలు. చికోరీ ఎక్కువ కలిపిన పొడి దీనికి పనికిరాదు. చట్ట ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 పాళ్ళకు తగ్గరాదు గాని, కాపుచినోకు ఉత్త కాఫీ గాని, చికోరీ 20 పాళ్ళకు మించనిది గాని మేలు. పొడిని ఫిల్టరు పై గిన్నెలో సమంగా పరచి, గొడుగు బిళ్ళతో మెల్లగా అదిమి, మరిగి దించిన నీళ్ళు 120 మిల్లీలీటర్లు గుండ్రంగా పోసి మూత పెట్టాలి. ఇరవై నిమిషాలలో సుమారు 80 మిల్లీలీటర్ల డికాక్షను దిగుతుంది. కొంత నీరు పొడి పీల్చుకొంటుంది. తొందరకొద్దీ ఫిల్టరును తట్టవద్దు, నలక దిగుతుంది. ఇటలీ మోకా పాత్ర ఉన్నవారు కింది గిన్నెలో నీళ్ళు మర బిళ్ళ కిందికే పోసి, పొడిని అదమకుండా, సన్నని సెగ మీద పెట్టి, గురగురమనగానే దించాలి.

పాలు రెండు కప్పులకు 240 మిల్లీలీటర్లు. పచ్చిపాలైతే ముందు ఒక పొంగు రానిచ్చి, మీగడ తీసి, చల్లార్చుకోవాలి. గేదె పాలు మరీ చిక్కన గనుక కొంచెం నీళ్ళు కలపవచ్చు. ఆవు పాలైతే అక్కరలేదు. తరువాత పాలను మళ్ళీ వేడి చేయాలి గాని మరగనీయరాదు. అసలు కిటుకు ఇక్కడ ఉన్నది. 60 నుంచి 65 డిగ్రీల వేడిలో నురగ బాగా నిలుస్తుంది, పాల తీపీ తెలుస్తుంది. అంతకు మించితే రెండూ చెడుతవి. ఉష్ణమాపకం లేకపోతే గిన్నె అంచున చిన్న బుడగలు కట్టి, ఆవిరి లేచి, గిన్నె పక్కన అరచెయ్యి ఒకటి రెండు క్షణాలకు మించి ఆనించలేనప్పుడు దించండి.

ఇక నురగకు మిషను అక్కరలేదు. మజ్జిగ చిలికే చిన్న చెక్క కవ్వం చాలు. పాలు లోతైన గిన్నెలో సగం వరకే పోసి, కవ్వపు తల పాల పైభాగాన మునిగీ మునగకుండా ఉంచి, రెండు అరచేతుల మధ్య ఒక నిమిషం చురుకుగా తిప్పండి. పాలు ఉబ్బిన తరువాత కవ్వాన్ని లోపలికి దించి మరి అర నిమిషం తిప్పితే పెద్ద బుడగలు విరిగి సన్నబడతవి. గిన్నెను బల్లమీద రెండుసార్లు మెల్లగా తట్టండి. కప్పులో చక్కెర, దానిపై 40 మిల్లీలీటర్ల డికాక్షను పోసి, నురగను చెంచాతో అడ్డుపెట్టి పాలు వంచి, చివర నురగను పైన పేర్చండి. చాక్లెట్టు పొడి మీ ఇష్టం.

ఫిల్టరు లేనివారికి ఇంకొక దారి ఉన్నది. ఇన్ స్టెంట్ కాఫీ పొడి రెండు చిన్న చెంచాలు, చక్కెర రెండు, నీళ్ళు ఒక చెంచా కప్పులో వేసి, రంగు తేలి తెల్లబారేదాకా చెంచాతో గిలక్కొట్టి, దానిమీద వేడి పాలు పోయాలి. చక్కెర పాకం జిగురు గాలిని పట్టి ఉంచుతుంది. 2020లో అందరూ ఇళ్ళల్లో ఉండిపోయిన రోజులలో ఇదే ప్రపంచమంతటా వేడుకైంది. ఉత్తరాది ఇళ్ళల్లో ఎంతోకాలంగా చేస్తున్నదే.

చివరి మాట

మా ఇత్తడి ఫిల్టరు నేటికీ మోకలో మా పెదనాన్నగారి ఇంట పనిచేస్తున్నది. దాని డికాక్షనుతో, అవ్వ కవ్వంతో, పోయిన సంక్రాంతికి మా పిల్లలకు కాపుచినో చేసి ఇచ్చాను. షాపులోదానికి దీనికి తేడా ఏమిటని అడిగితే, దీనికి బిల్లు రాదు అన్నారు. అంతవరకు ఒప్పుకోవడమే నాకు చాలు.

కాని ఈ వ్యాసం నురగతో ముగించడం నాకు ఇష్టం లేదు. మనం పరాయి ఊళ్ళలో ఇల్లు అద్దెకు అడిగితే మీదే కులం, మీదే భాష అని ప్రశ్నించినప్పుడు మనసు ఎంత నొచ్చుకొన్నదో మనలో చాలామందికి అనుభవమే. ఆ నొప్పి ఎరిగిన మన ఇళ్ళల్లోనే, అంట్లు తోమే ఆమెకు కాఫీ ఇవ్వడానికి కిటికీలో వేరే గ్లాసొకటి నేటికీ కనబడుతున్నది. దానికి ఎవరూ రెండు గ్లాసుల పద్ధతి అని పేరు పెట్టరు. అలవాటు అంటారు. మా అవ్వ కూడా అలవాటే అనుకొన్నది, గంపలో అన్నీ కలిసిపోయేదాకా.

ఉగాది పచ్చడిలో చేదును మనం వేరే గిన్నెలో పెట్టము. వేపపువ్వును బెల్లంతో, మామిడితో కలిపి అందరికీ ఒకే గరిటెతో పెడతాము. కాఫీ గింజ కూడా చేదే. యెమెన్ దాటి, సముద్రం దాటి, మచిలీపట్నమూ మలబారూ చూసి, కొండలు దిగి, రైలెక్కి, రాష్ట్రాల హద్దులు దాటి వచ్చిన ఆ చేదును మన వంటింటి గడప దగ్గర ఆపడం న్యాయం కాదు. ఈ ఏడు పండుగనాడు ఇంటికి వచ్చినవారందరికీ, పనిచేసే వారికీ, పక్కింటి కన్నడ సోదరులకూ, ఒకే వరుస గ్లాసులలో కాఫీ పోయండి. నురగ ఉన్నా సరే, లేకున్నా సరే. తరువాత గ్లాసులన్నీ ఒకే గంపలో వేయండి.

సభ్యులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.